కడుపునొప్పికి మందు రాయని క్లినిక్

5కి 4 ఇస్తున్నా. తగ్గించిన ఆ ఒక్కటి ట్రీట్‌మెంట్‌కి కాదు, ముందు టేబుల్ దగ్గర డబ్బులు కట్టించుకునే పద్ధతికి. క్లినిక్ పేరు మాత్రం రాయను. కొత్తపేటలో పాత పండ్ల మార్కెట్ దగ్గర మాది మెడికల్ షాపు. నేనూ మా ఆయనా ఇద్దరం కౌంటర్‌లో ఉంటాం, చుట్టుపక్కల కాలనీలన్నిటికీ మా ముఖాలు తెలుసు. పేరు రాస్తే ఎవరి పిల్ల, ఏ స్కూలు అని ఆరా తీయడం నిమిషం పని. విక్టోరియా మెమోరియల్‌లో మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా ఇర్రంమంజిల్‌లో దిగి నడిచిపోయేంత దూరం, అంతవరకు చెప్తాను. పిల్లలనీ వాళ్ల ఇంట్లోవాళ్లనీ మాత్రమే చూసే మానసిక వైద్య క్లినిక్ అది.

మా చిన్నది అప్పుడు నాలుగో తరగతి. పోయినేడాది జూన్‌లో స్కూళ్లు తెరిచిన దగ్గర్నుంచి పొద్దున ఏడయ్యేసరికి కడుపునొప్పి. ఆదివారం ఉండదు. రెండో శనివారం కూడా ఉండదు. ఆటో హారన్ వినపడితే వాంతి. రాత్రి నా చేయి పట్టుకోనిదే నిద్రపోదు. నేను షాపులో ఉంటే వాళ్ల నానమ్మ ఫోన్ నుంచి కాల్ మీద కాల్, "అమ్మా, నీకేం కాలేదు కదా?" అని. ఒక చేత్తో కస్టమర్‌కి ఇన్సులిన్ పెన్ను అందిస్తూ, భుజం మీద ఫోన్ పెట్టుకుని "ఏం కాలేదు నాన్నా" అనడం నాకు అలవాటైపోయింది. అంతకుముందు ఎండాకాలంలో మా మామయ్యకి గుండెపోటు వస్తే అర్ధరాత్రి అంబులెన్స్‌లో తీసుకెళ్లాం. స్టెంట్ వేశారు, ఇప్పుడు ఆయన పొద్దున్నే వాకింగ్‌కి వెళ్లి మిర్చి బజ్జీ తిని వస్తున్నాడు. పిల్లకి మాత్రం ఆ సైరన్ చెవిలో ఉండిపోయింది.

ముందు పిల్లల డాక్టర్ దగ్గరికే వెళ్లాం, అదే సరైన దారి కూడా. నులిపురుగులకి ఆల్బెండజోల్, గ్యాస్‌కి సిరప్, తర్వాత అల్ట్రాసౌండ్. అన్నీ నార్మల్. మా అత్తమ్మ దిష్టి తీసింది, జహంగీర్ పీర్ దర్గా నుంచి తాయెత్తు తెప్పించింది, చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి, పిల్ల బడికి పోతే 108 చేస్తానని మొక్కుకుంది. వీటిలో దేనిమీదా నాకు కోపం లేదు, ఒక్క కొబ్బరికాయ ఖర్చు. కోపం వచ్చింది ఇంకోచోట. ఎవరో చెప్పారని ఒక "కౌన్సెలింగ్ సెంటర్‌"కి వెళ్తే, పిల్ల పది వేళ్ల ముద్రలూ స్కాన్ చేసి, రంగురంగుల రిపోర్టు చేతిలో పెట్టి, కుడి మెదడు ఇంత శాతం, ఎడమ మెదడు ఇంత శాతం, అందుకే భయం అన్నారు. ఈ వేలిముద్రల టెస్టుకి శాస్త్రీయ ఆధారం ఏమీ లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీయే చెప్పింది. అయినా ఆ సెంటర్ బయట కుర్చీలు ఖాళీ లేవు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, మార్చి వస్తే మా షాపులో కూడా జ్ఞాపకశక్తి సిరప్‌లు పెట్టెలకు పెట్టెలు పోతాయి. తెలివి పెరుగుతుందా అని అడిగినవాళ్లకి "బాటిల్ మీద రాసుంది చదువుకోండి" అంటాను.

ఇర్రంమంజిల్ క్లినిక్‌కి వెళ్లగానే నేను చూసింది గోడ. మందుల షాపు నడిపేవాళ్లకి అదొక అలవాటు, లైసెన్స్ ఎక్కడ తగిలించారో కళ్లు వెతుక్కుంటాయి. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే మన దేశంలో రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉండాలి, దానికి 1992 నాటి చట్టం ఉంది. అక్కడ ముగ్గురి సర్టిఫికెట్లు నంబర్‌తో సహా ఫ్రేముల్లో ఉన్నాయి. "కౌన్సెలర్", "లైఫ్ కోచ్", "మైండ్ ట్రైనర్" అనే బోర్డు కట్టుకుంటే మాత్రం అనుమతి ఉందా అని అడిగేవాళ్లే లేరు, ఫ్లెక్సీ ప్రింటింగ్‌కి డబ్బులుంటే చాలు. ఎక్కడికి వెళ్లినా నంబర్ అడగండి. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర్నుంచి లేచి వచ్చేయండి.

మొదటిరోజు మందు రాయలేదు, సలహా కూడా ఇవ్వలేదు. ముందు మా ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగారు, తర్వాత పిల్లతో ఒంటరిగా మాట్లాడారు. ఎప్పుడు మొదలైంది, ఎవరి ముందు ఎక్కువ, ఎవరి ముందు తక్కువ, సెలవుల్లో ఎలా ఉంటుంది, స్కూల్లో బాత్రూమ్ ఎలా ఉంటుంది, ఎవరైనా ఏడిపిస్తున్నారా, తెలుగు వాచకం గడగడా చదువుతుందా, తడబడుతుందా. బాత్రూమ్ సంగతి ఎందుకని మా ఆయన గొణిగాడు. స్కూల్ బాత్రూమ్ కంపు భరించలేక నీళ్లు తాగడం మానేసి కడుపునొప్పి తెచ్చుకునే పిల్లలుంటారట. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లలు కూడా బడి ఎగ్గొట్టడానికి ఇదే నొప్పి చెప్తారట. అలాంటి పిల్లలకి భయానికి ట్రీట్‌మెంట్ చేసి లాభం లేదు, ముందు ఆ కారణాన్ని చూడాలి. ఇంత ఓపికగా వేరే కారణాలు ఒక్కొక్కటీ పక్కకి తీసేయడం నేను అంతకుముందు ఎక్కడా చూడలేదు.

తర్వాత 41 ప్రశ్నల కాగితం ఇచ్చారు. స్కేర్డ్ అంటారు దాన్ని, పిల్లల్లో ఆందోళన కొలిచే ప్రశ్నావళి. పిల్లకి ఒకటి, తల్లిదండ్రులకి ఒకటి. ప్రతి ప్రశ్నకీ సున్నా, ఒకటి, రెండు. మొత్తం 25 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే జాగ్రత్తగా చూడాలని అర్థం. మా చిన్నది వేసుకున్న మార్కులు మేం వేసినవాటికంటే బాగా ఎక్కువ వచ్చాయి. బీపీ మిషన్ చూపించినట్టు, మా పిల్లని చూసే సైకాలజిస్ట్ మేడమ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "ఇవి కలవకపోవడం మామూలే. భయాలు లోపల ఉంటాయి, బయటివాళ్లకి సగమే కనపడతాయి" అంది. కొన్ని వారాలకోసారి ఇదే కాగితం మళ్లీ నింపించారు. నాకు ఈ క్లినిక్ మీద నమ్మకం కుదిరింది ఇక్కడే. "ఎలా ఉంది, బాగుందా" అని అడిగి వదిలేస్తే మనం మొహమాటానికి బాగుందనే అంటాం. కాగితం మీద అంకె తగ్గకపోతే మొహమాటం పనిచేయదు.

పేరు పెట్టి చెప్పారు, సెపరేషన్ యాంగ్జైటీ అని. అమ్మానాన్నల్ని వదిలి ఉంటే వాళ్లకేదో అవుతుందన్న భయం. ఏం చేయబోతున్నారో, సుమారు ఎంతకాలం పడుతుందో, మధ్యలో ఎప్పుడు ఆగి చూస్తారో, తగ్గకపోతే తర్వాత మెట్టు ఏంటో ఒకే పేజీలో రాసిచ్చారు. నేను బీఫార్మసీ చదివాను కాబట్టి ఊరుకోలేక అడిగాను, "ఇది పనిచేస్తుందని ఆధారం ఏంటి?" అని. మేడమ్ నొచ్చుకోలేదు సరికదా, కుర్చీ ముందుకు లాక్కుంది.

ఆమె చెప్పింది, తర్వాత నేను చదువుకుని సరిచూసుకున్నది ఇది. అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల మధ్య ఇలాంటి ఆందోళన ఉన్న 488 మంది పిల్లలమీద పెద్ద ట్రయల్ చేశారు, 2008లో ఫలితాలు వచ్చాయి. కొందరికి సీబీటీ, అంటే ఆలోచననీ ప్రవర్తననీ మార్చే మాటల వైద్యం. కొందరికి సెర్ట్రలిన్ అనే ఆందోళన తగ్గించే మాత్ర. కొందరికి రెండూ. కొందరికి మందు లేని ఉత్తుత్తి మాత్ర. 12 వారాల తర్వాత బాగా మెరుగైనవాళ్లు రెండూ తీసుకున్న గుంపులో నూటికి 81, సీబీటీ ఒక్కటే అయితే 60, మాత్ర ఒక్కటే అయితే 55, ఉత్తుత్తి మాత్రకి 24. ఆ చివరి 24 చూసి నాకు నవ్వొచ్చింది. మా అత్తమ్మ తాయెత్తుకి కూడా ఆ మాత్రం మార్కులు వేయాలి. అయితే ఆ మేడమ్ అక్కడితో ఆపలేదు. ఆ పిల్లల్నే కొన్నేళ్ల తర్వాత మళ్లీ చూస్తే, మొదట్లో బాగుపడినవాళ్లలో దాదాపు సగంమందికి ఎప్పుడో ఒకప్పుడు ఆందోళన తిరిగొచ్చిందని కూడా చెప్పింది. అందుకే చివర్లో తిరిగి రాకుండా చూసే ప్లాన్ ఉంటుందంది. అమ్మే సరుకులో లోపం తనే చెప్పే మనిషిని నేను వ్యాపారంలో చాలా తక్కువ చూశాను.

పిల్లల సైకియాట్రిస్ట్ కూడా ఒకసారి చూశారు. మాత్ర ఇప్పుడే వద్దు, సీబీటీతో కదలిక లేకపోతే ఆలోచిద్దాం అన్నారు. ఒకవేళ మొదలుపెడితే తొలివారాల్లో పిల్ల మాటల్నీ మూడ్‌నీ దగ్గరుండి గమనించాలని, ఈ రకం మందుల మీద 2004లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పెట్టించిన హెచ్చరిక గురించి నేను అడగకముందే చెప్పారు. మాకు ఆ అవసరం రాలేదు. వచ్చుంటే వేసేదాన్నే. మానసిక మందు అనగానే మత్తుమందు అనుకుని సగంలో ఆపేసేవాళ్లని రోజూ చూస్తుంటాను.

ఇక అసలు ట్రీట్‌మెంట్. ఇది పిల్లకి జరిగింది అనుకుంటే పొరపాటు, సగానికి పైగా మాకు జరిగింది.

మేడమ్ ఒక కాగితం మీద మా ఇంట్లో పొద్దుట్నుంచి రాత్రిదాకా పిల్ల భయంకోసం ఎవరెవరు ఏమేం చేస్తున్నారో రాయించింది. నేను ఫోన్ ఎత్తడం, మా ఆయన స్నానం చేస్తూ తలుపు తీసిపెట్టి పాట పాడుతూ ఉండడం, అత్తమ్మ అన్నం తినిపిస్తూ "మీ అమ్మ కొత్తపేట చౌరస్తా దాటింది, వచ్చేస్తుంది" అని రన్నింగ్ కామెంటరీ చెప్పడం, మామయ్య రాత్రిపూట దగ్గొచ్చినా దిండులో ముఖం పెట్టుకుని దగ్గడం. పేజీ నిండిపోయింది. ఒక పిల్ల భయం చుట్టూ నలుగురు పెద్దవాళ్లం డ్యూటీలు వేసుకుని తిరుగుతున్నాం. భయం వేస్తుంది, మనం తప్పిస్తాం, పిల్లకి ప్రాణం కుదుటపడుతుంది. ఆ కుదుటపడటమే చిక్కు. తప్పించుకున్నాను కాబట్టి బతికానని పిల్ల మనసు లెక్క వేసుకుంటుంది, మర్నాడు ఇంకాస్త ఎక్కువ భయపడుతుంది. నాకు ఇది మా షాపు భాషలో వెంటనే అర్థమైంది. తామరకి స్టెరాయిడ్ క్రీమ్ పూసుకునేవాళ్లు వారం వారం వస్తుంటారు. దురద చిటికెలో పోతుంది, తామర మాత్రం నడుమంతా పాకుతుంది. మేం ఇస్తున్న "ఏం కాలేదు నాన్నా" అచ్చంగా ఆ ట్యూబే.

తల్లిదండ్రులతో చేసే ఈ పనికి స్పేస్ అని పేరు. యేల్ యూనివర్సిటీలో ఎలీ లెబోవిట్జ్ అనే సైకాలజిస్ట్ తయారుచేశాడు. 2020లో వచ్చిన ఆయన ట్రయల్‌లో 124 మంది పిల్లలున్నారు. ఒక గుంపులో పిల్లలకే సీబీటీ, ఇంకో గుంపులో పిల్లల్ని అసలు క్లినిక్‌కి రప్పించకుండా తల్లిదండ్రులతో మాత్రమే సెషన్లు. రెండో పద్ధతి మొదటిదానికి ఏమాత్రం తీసిపోలేదు. క్లినిక్‌కి రానని మొండికేసే పిల్లలున్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. మా చిన్నది వస్తానంది కాబట్టి మాకు రెండూ కలిపి చేశారు.

మాకు నేర్పిన వాక్యం ఒకటుంది. "నీకు భయంగా ఉందని నాకు తెలుసు, నువ్వు తట్టుకోగలవని కూడా తెలుసు." రెండు ముక్కలూ ఉండాలి. మా ఆయన మొదటి ముక్క మింగేసి రెండోదే గట్టిగా చెప్పేవాడు, నేను మొదటిది సాగదీసి రెండోది నసిగేదాన్ని. క్లినిక్‌లో మా చేత ఒకరికొకరం చెప్పించి ప్రాక్టీస్ చేయించారు. పెళ్లయిన ఇన్నేళ్లకి మా ఆయన నా కళ్లలోకి చూస్తూ "నువ్వు తట్టుకోగలవు" అంటుంటే ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

కష్టమైంది అత్తమ్మతో. ఫోన్లు ఎత్తకూడదని మేం ఒట్టు పెట్టుకుంటే, ఆమె పక్కింటి ఫోన్ నుంచి చేయించేది. అది తెలిసి మేడమ్ ఆమెను కూడా పిలిపించమంది. మెట్రోలో వస్తూనే అత్తమ్మ యుద్ధానికి సిద్ధంగా ఉంది.

"ఏందమ్మా, పోరి కడుపు పట్టుకొని ఏడుస్తుంటే చూస్కుంట కూసోమంటవా? మా పిల్లలు గివన్నీ లేకుంటనే పెరగలేదా?" అని కూర్చోకముందే అడిగింది.

ఆ మేడమ్‌ది వరంగల్, అదే యాసలో జవాబిచ్చింది. "కూసోమంటలేను పెద్దమ్మా. నువ్వు పక్కన్నే ఉండు, బుజ్జగించు. కాని బడి మాత్రం మాన్పియ్యకు. మీ కొడుకు చిన్నప్పుడు దేనికన్న భయపడ్డడా?"

"బర్రెకు భయపడేటోడు."

"మరి ఏం జేసినవ్?"

"ఏం జేస్త? రోజు గడ్డి పట్కపొమ్మన్న. దూరం నుంచి ఇసిరేటోడు. పోంగపోంగ పాలు పిండుడు నేర్చిండు."

"నేను చేసేది గదే" అంది మేడమ్. తర్వాత 1924 నాటి సంగతి చెప్పింది. మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ అమెరికాలో మూడేళ్లు కూడా నిండని పీటర్ అనే పిల్లాడికి కుందేలు భయం పోగొట్టింది. వాడు ఇష్టమైనది తింటున్నప్పుడు కుందేలుని గదిలో దూరంగా పెట్టి, రోజురోజుకీ కొంచెం దగ్గరికి తెచ్చి, చివరికి వాడి చేతే నిమిరించింది. మా అత్తమ్మ అంతా విని, "అంటే గా దొరసానికి కూడ గిదే తెలివి" అని తలూపింది. ఆ రోజు నుంచి పక్కింటి ఫోన్ మోగలేదు. ఈ ఒక్క సెషన్‌కి కట్టిన డబ్బులకి నేను ఎప్పటికీ బాధపడను.

పిల్లతో చేసింది భయం నిచ్చెన. సున్నా నుంచి పది దాకా భయం థర్మామీటర్ గీసి, ఏ పనికి ఎంత అని తనతోనే వేయించారు. నేను ఫోన్ తీసుకెళ్లకుండా కింద కిరాణా కొట్టుకెళ్లి రావడం మూడు. అదే గదిలో వేరే పరుపు మీద పడుకోవడం ఐదు. క్లాసులో రెండు పీరియడ్లు కూర్చోవడం ఎనిమిది. అంబులెన్స్ సైరన్ తొమ్మిది. నేనూ మా ఆయనా ఇద్దరం నల్గొండలో పెళ్లికి వెళ్లి రాత్రికి తిరిగి రాకపోవడం పది. కింది మెట్టు నుంచి మొదలుపెట్టి ఒక్కొక్కటే ఎక్కించారు. ఎక్కే ముందు ఏం జరుగుతుందనుకుంటున్నావో రాయమనేవారు, అయ్యాక ఏం జరిగిందో పక్కన రాయమనేవారు. మొదటిసారి నేను కిరాణా కొట్టుకి వెళ్లినప్పుడు ఎడమవైపు గడిలో "అమ్మకి లారీ గుద్దుతుంది" అని రాసింది. కుడివైపు "అమ్మ కరివేపాకు తెచ్చింది, కొత్తిమీర మర్చిపోయింది" అని రాసింది.

సైరన్ సెషన్ నేను అద్దం వెనక నుంచి చూశాను. అక్కడ ఒక గదికి ఇటునుంచి కనపడి అటునుంచి కనపడని అద్దం ఉంది. మేడమ్ ఫోన్‌లో సైరన్ ముందు చాలా చిన్నగా పెట్టింది. పిల్ల చెవులు మూసుకుని టేబుల్ కింద దూరింది. మేడమ్ కూడా టేబుల్ కింద కూర్చుంది, సౌండ్ మాత్రం ఆపలేదు. ఇప్పుడెంత, ఇప్పుడెంత అని అడుగుతూనే ఉంది. తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, మళ్లీ తొమ్మిది, ఏడు. నాకు తలుపు బద్దలుకొట్టి లోపలికి పోవాలనిపించింది. సెషన్ అయ్యేసరికి అదే సైరన్‌కి మా చిన్నది డప్పు దరువు వేస్తోంది. ఇంట్లో కూడా రోజూ వినిపించాలన్నారు. వారం తిరిగేసరికి మా మామయ్యే ఆ సౌండ్ వినలేక బయటికి వెళ్లిపోయేవాడు.

స్కూలు సంగతి కొంచెం చెప్పాలి. ప్రిన్సిపాల్ మంచి ఉద్దేశంతోనే, మెడికల్ సర్టిఫికెట్ పెట్టి నెలరోజులు రెస్ట్ ఇవ్వండి, ఆన్‌లైన్‌లో నోట్స్ పంపిస్తాం అన్నారు. క్లినిక్ వాళ్లు వద్దంటే వద్దన్నారు. ఇంట్లో ఎన్ని రోజులు ఎక్కువ ఉంటే గేటు దాటడం అంత కష్టమవుతుందని, రోజుకి రెండు పీరియడ్లతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోవాలని, కడుపునొప్పి అంటే ఇంటికి ఫోన్ చేయకుండా కాసేపు లైబ్రరీలో కూర్చోబెట్టి మళ్లీ క్లాసుకి పంపాలని ఉత్తరం రాసిచ్చారు. క్లాస్ టీచర్ దాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటించింది. ఆ అమ్మాయికి ఇద్దరు చిన్నపిల్లలు, సెక్షన్‌లో నలభై మంది. ఆమె రేటింగ్ అడిగితే 5కి 6 ఇస్తాను.

దసరా సెలవుల ముందు మేడమ్ ఒక మాట చెప్పింది. సెలవులైపోయిన మొదటి సోమవారం కడుపునొప్పి మళ్లీ వస్తుంది, కంగారుపడకండి, నిచ్చెన రెండు మెట్లు దిగి మళ్లీ ఎక్కండి అని. బతుకమ్మ, దసరా, ఊళ్లో చుట్టాలు, అన్ని రోజులూ పిల్ల నా కొంగు పట్టుకునే తిరిగింది. సోమవారం పొద్దున ఏడింటికి కడుపునొప్పి టంచనుగా వచ్చింది. ముందే చెప్పి ఉండకపోతే అంతా మొదటికొచ్చిందని ఏడ్చేదాన్ని. ఈసారి ఆటో ఎక్కించేశాం. ఆ వారం చివరికి సర్దుకుంది. సంక్రాంతికి ఆ మాత్రం కూడా రాలేదు. ఫిబ్రవరిలో నల్గొండ పెళ్లికి ఇద్దరమే వెళ్లొచ్చాం. రాత్రి పదింటికి మా ఆయనే ఆగలేక ఇంటికి ఫోన్ చేయబోయాడు, నేను లాక్కున్నాను.

ఇప్పుడు ఆ తగ్గించిన మార్కు సంగతి. లోపల డాక్టర్లు "మధ్యలో చూసి, అవసరాన్ని బట్టి కొనసాగిద్దాం" అంటుంటే, బయట ముందు టేబుల్ వాళ్లు రెండో విజిట్‌కే సెషన్ల ప్యాకేజీ కట్టమని వెంటపడతారు. డబ్బు తిరిగి ఇవ్వరట, డిస్కౌంట్ మాత్రం ఉందట. ఎన్ని సెషన్లు కావాలో సైకాలజిస్ట్‌కే ఇంకా తెలియనప్పుడు మీకెలా తెలుసని అడిగితే "అందరూ కడుతున్నారు మేడమ్" అని జవాబు. నేను కట్టలేదు, ఎప్పటిదప్పుడు ఇచ్చాను. బిల్లు మీద సైకాలజిస్ట్ రిజిస్ట్రేషన్ నంబర్ అడిగేదాకా వేయలేదు. వెయిటింగ్ హాల్లో టీవీ కార్టూన్లతో మోగిపోతుంటుంది. ఆటిజం ఉన్న ఒక పిల్లాడు చెవులు మూసుకుని గోడవైపు తిరిగి నిలబడటం చూశాక నేనే రిమోట్ అడిగి ఆపేశాను. సాయంత్రం, శనివారం స్లాట్లు ఎప్పుడూ నిండే ఉంటాయి. బడికి పోని పిల్లని బడికి పంపే ట్రీట్‌మెంట్ కోసం బడి మాన్పించి తీసుకెళ్లాల్సి రావడం నాకు మింగుడుపడలేదు. గట్టిగా అడిగితే పొద్దున తొమ్మిది లోపు ఒక స్లాట్ తీశారు, ముందే తీయొచ్చు కదా.

ఫీజు తక్కువేం కాదు, మాలాంటి వాళ్లు రెండుసార్లు ఆలోచించాల్సినంత ఉంది. మానసిక జబ్బులకి కూడా శారీరక జబ్బులతో సమానంగా ఇన్సూరెన్స్ ఇవ్వాలని 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టంలో ఉంది కదా అని క్లెయిమ్ పెట్టాను. మా పాలసీలో ఆస్పత్రిలో చేరితేనే కవర్, ఓపీకి లేదని వెనక్కి పంపారు. మీది కొనేముందు ఓపీ ఉందో లేదో చూసుకోండి. అంత పెట్టలేనివాళ్లకి ఎర్రగడ్డలో ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఉంది. ఎర్రగడ్డ అంటే మన ఊళ్లో తిట్టు అయిపోయింది కాబట్టి జనం జంకుతారు, నాకైతే ఆ వేలిముద్రల సెంటర్ కంటే అదే వెయ్యి రెట్లు నయం. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, పైసా తీసుకోరు, రాత్రిపూట కూడా ఎత్తుతారు. 2022 అక్టోబర్ నుంచి నడుస్తోంది. నంబర్ మా షాపు కౌంటర్ మీద అంటించాను.

ఈ క్లినిక్‌కి ఎవరు వెళ్లాలంటే, భయాలు, అనుమానంతో చేతులు కడుక్కుంటూనే ఉండటం, పిల్లల మొండితనం ఇలాంటివాటికి కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. మూడు నాలుగేళ్ల పిల్లల మొండితనానికి అక్కడ పీసీఐటీ చేస్తారు. తల్లి పిల్లాడితో ఆడుతుంటే, అద్దం వెనక నుంచి థెరపిస్ట్ ఆమె చెవిలోని చిన్న స్పీకర్‌లోకి అప్పటికప్పుడు చెప్తుంటుంది, ఇప్పుడు మెచ్చుకోండి, ఇప్పుడు పట్టించుకోకండి అని. షీలా ఐబర్గ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ రూపొందించిన పద్ధతి. ఎదుగుదల ఆలస్యం, మేధోపరమైన వైకల్యం లాంటివాటికి మాత్రం సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉండగా ఇక్కడ ఇంత ఫీజు ఎందుకు. పిల్ల చచ్చిపోతానంటోంది, చేతులు కోసుకుంటోంది అంటే ఏ క్లినిక్ అపాయింట్‌మెంట్ కోసమూ ఆగకండి, ఎమర్జెన్సీ ఉన్న పెద్దాసుపత్రికి ఆ క్షణమే తీసుకెళ్లండి.

ఇంకో ఫిర్యాదు మిగిలింది. నిచ్చెన, థర్మామీటర్, ముందు ఏమనుకున్నావు, తర్వాత ఏమైంది, ఈ కాగితాలన్నీ ఇంగ్లీష్‌లోనే ఉన్నాయి. పిల్లకి పర్లేదు, అత్తమ్మకీ మామయ్యకీ ఏం అర్థమవుతుంది? నేనే ఒక ఆదివారం కూర్చుని తెలుగులో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మామయ్య తన గడి కూడా ఒకటి గీయమన్నాడు, లిఫ్ట్ ఎక్కడం ఏడు అని వేసుకున్నాడు. మేడమ్ చూసి జిరాక్స్ తీసుకోవచ్చా అని అడిగింది. తీసుకోండి, బదులుగా ఆ ప్యాకేజీ గోల ఆపించండి అన్నాను. మొన్న జూన్‌లో స్కూల్ తెరిచే ముందు ఒక్కసారి చూపించుకోవడానికి వెళ్తే, తెలుగు కాగితాలు టేబుల్ మీద దొంతరగా ఉన్నాయి. వాటి పక్కనే కొత్త ప్యాకేజీ బ్రోచర్ కూడా ఉంది, ఈసారి తెలుగులో.